పగిలిన ఫెయిరింగ్‌కి ఇంటి వైద్యమా, పెయింటరా, కొత్త ప్యానెలా?

బండి నిలబెట్టిన చోటే పక్కకి ఒరిగినా ముందు దెబ్బ తినేది ఫెయిరింగే, అంటే బండిని ముందూ పక్కలా కప్పే ప్లాస్టిక్ తొడుగే. ఇంజను స్టార్టవుతుంది, హ్యాండిల్ తిన్నగానే ఉంటుంది, కానీ పక్క ప్యానెల్ మీద జానెడు గీత, బోల్టు దగ్గర ఓ పగులు. బండి తీసిన ప్రతిసారీ కన్ను అక్కడికే పోతుంది. అప్పుడు చాలామంది చేసే మొదటి పని, అదే రంగు స్ప్రే డబ్బా ఎక్కడైనా దొరుకుతుందా అని వెతకడం.

నిజానికి రంగు ఆఖరి మెట్టు. ఆ ప్లాస్టిక్ ఏ రకం, పగులు ఎక్కడుంది, గీత ఎంత లోతు దిగింది, రంగు సాదాదా మెరుపుదా, ఈ నాలుగూ తేలకుండా ఏం కొన్నా అందులో సగం మూలన పడి ఉంటుంది. ఇవి తేలితే మాత్రం పది దారుల్లో ఎనిమిది వాటంతట అవే మూసుకుపోతాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత చూద్దాం. పగులు అతకడం ఓపికున్న ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. సాదా రంగైతే రంగు కూడా వేసుకోవచ్చు. మెటాలిక్, పెర్ల్ రంగులైతే మాత్రం అతుకు, పుట్టీ, ప్రైమర్ దాకా మీరే చేసి, ఆ ప్యానెల్ పట్టుకెళ్లి పెయింటర్ చేతికివ్వడం మేలు. ఈ సగం సగం పద్ధతి చాలామందికి తట్టదు. అంతా ఇంట్లోనే అని ఒకరు, అంతా బయటే అని ఒకరు పట్టుబడతారు.

## ముందు తేల్చుకోవాల్సినవి

### ప్లాస్టిక్ ఏది?

ప్యానెల్ విప్పి వెనకవైపు చూడండి. చాలా ప్యానెళ్ల మీద అచ్చులోనే రెండు కోణపు గుర్తుల మధ్య ఏబీఎస్, పీపీ, పీసీ+ఏబీఎస్ లాంటి అక్షరాలు ఉంటాయి. రంగు వేసి మెరిసే పెద్ద ప్యానెళ్లు ఎక్కువగా ఏబీఎస్ (బ్రేకుల ఏబీఎస్‌తో దీనికేం సంబంధం లేదు). రంగు వేయని నల్ల భాగాలు, లోపలి మడ్‌గార్డు, సీటు కింది తొడుగు లాంటివి తరచుగా పీపీ, అంటే పాలీప్రొపిలీన్. రేసింగ్ కోసం చేసిన ప్యానెళ్లలోనూ, విడిగా అమ్మే కిట్లలోనూ ఫైబర్‌గ్లాస్ కనిపిస్తుంది.

ముద్ర కనిపించకపోతే రెండు పరీక్షలున్నాయి. వెనక అంచు నుంచి గోరంత ముక్క చెక్కి నీళ్లలో వేయండి. తేలితే పీపీ అనుకోవచ్చు, మునిగితే ఏబీఎస్ అయ్యే అవకాశమే ఎక్కువ. పీపీ సాంద్రత 0.9 దగ్గర ఉంటుంది, ఏబీఎస్‌ది 1.04 పైనే. రెండోది, దూదిపుల్లని అసిటోన్‌లో ముంచి వెనకవైపు కనిపించని చోట రుద్దడం. ఏబీఎస్ అయితే కొన్ని సెకన్లలోనే జిగటగా మారుతుంది, దూదికి ప్లాస్టిక్ రంగు అంటుకుంటుంది. పీపీకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఈ పరీక్ష రంగున్న వైపు మాత్రం చేయకండి.

దీనికోసం ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. పీపీకి మామూలు జిగురు పట్టదు, మామూలు ప్రైమర్ కూడా పట్టదు. ఏబీఎస్ మీద అద్భుతంగా పనిచేసే అసిటోన్ పద్ధతి పీపీ మీద వృథా. ఫైబర్‌గ్లాస్ వేడికి కరిగి అతుక్కునేది కాదు కాబట్టి దానికి వెల్డింగ్ మాటే లేదు.

### పగులు ఎక్కడుంది, ఎందుకు వచ్చింది?

ప్యానెల్ మధ్యలో ఉన్న పగులు మీద పెద్దగా బరువు పడదు. బోల్టు చెవి (బోల్టు దూరే ప్యానెల్ కొస) దగ్గరున్న పగులుని బండి ప్రతి కుదుపూ లాగుతూనే ఉంటుంది. కాబట్టి మధ్యలో ఉన్నదానికి సరిపోయే అతుకు చెవి దగ్గర సరిపోదు.

బండి పడకుండానే బోల్టు దగ్గర పగిలిందంటే, ఎవరో బోల్టుని అతిగా బిగించి ఉండాలి, లేదా అక్కడి గ్రోమెట్టో (రంధ్రంలోని రబ్బరు రింగు), దాని లోపలి కాలరో (బోల్టు దూరే లోహపు గొట్టం ముక్క) పోయి ఉండాలి. పడ్డాక పగిలితే లోపలి ఇనుప స్టే (ప్యానెల్‌ని మోసే కమ్మీ) వంగిందేమో చూడండి. వంగిన స్టే మీదకి ప్యానెల్‌ని బలవంతంగా లాగి బిగిస్తే ఎంత గొప్ప అతుకైనా కొన్నాళ్లకి మళ్లీ అక్కడే, లేదంటే పక్కనే విడుతుంది. ముందు స్టే సరిచేయండి. ప్యానెల్ ఏ బలమూ లేకుండా రంధ్రాల మీద కూర్చోవాలి.

### గీత ఎంత లోతు?

గోరుని గీతకి అడ్డంగా నెమ్మదిగా లాగండి. గోరు ఎక్కడా ఆగకపోతే గీత క్లియర్ కోటులోనే, అంటే రంగు మీదుండే పారదర్శక పూతలోనే ఉంది. తర్వాత గీత మీద నీళ్లు చల్లి చూడండి. తడిగా ఉన్నంతసేపు గీత మాయమైపోతే అదీ మంచి కబురే. గోరు ఆగినా, బూడిద రంగు ప్రైమర్ కనిపించినా, కింద ప్లాస్టిక్ రంగే కనిపించినా పాలిష్‌తో పోయే గీత కాదు.

### రంగు ఏ రకం?

సాదా నలుపు, తెలుపు, ఎరుపు లాంటివి ఒక జాతి. ఎండలో నలకలు మెరిసే మెటాలిక్, చూసే కోణాన్ని బట్టి ఛాయ మారే పెర్ల్ ఇంకో జాతి. మ్యాట్ మూడో జాతి, దాని గొడవ వేరు. రంగు కోడ్ సాధారణంగా సీటు కిందో, ఫ్రేము మీదో అంటించిన స్టిక్కర్ మీద ఉంటుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఆ కోడ్‌కి వచ్చేది కొత్త బండి రంగు. ఏళ్ల తరబడి ఎండలో నిలబడిన మీ ప్యానెల్ రంగు అది కాకపోవచ్చు, ముఖ్యంగా ఎరుపు.

## గీతలే ఉంటే

పై కోటులోని గీతలకి రబ్బింగ్ కాంపౌండ్, మెత్తటి గుడ్డ చాలు. కాస్త మొండిగా ఉంటే 2000, తర్వాత 3000 నంబరు వాటర్ పేపర్ తడిపి తేలిగ్గా రుద్ది, ఆపైన కాంపౌండ్ పట్టించండి. క్లియర్ కోటు మందం మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్లే, తల వెంట్రుక కంటే పలచన. ప్యానెల్ అంచులు, మడత గీతల మీద ఇంకా పలచగా ఉంటుంది. అక్కడ పేపరు వేసిన నాలుగు రుద్దులకే రంగు బయటపడుతుంది. అంచులకి ముందే మాస్కింగ్ టేపు వేసేస్తే ఆ టెన్షన్ ఉండదు.

స్టిక్కర్లు క్లియర్ కింద ఉన్నాయా పైన ఉన్నాయా అన్నది కూడా చూడండి. గోరుతో స్టిక్కర్ అంచు తడిమితే తెలుస్తుంది. పైనుంటే పేపరు దాని జోలికి పోకూడదు.

మ్యాట్ ప్యానెల్‌కి కాంపౌండ్ అస్సలు వద్దు. రుద్దిన చోట మెరుపొచ్చి గీత కంటే పెద్ద మచ్చ మిగులుతుంది. మ్యాట్‌లో గీత లోతుగా ఉంటే మొత్తం ప్యానెల్ మళ్లీ రంగు వేయడం, లేదా ర్యాప్ (పైన అంటించే వినైల్ తొడుగు), లేదా ఆ గీతతోనే బతికేయడం. ఈ మూడోది నవ్వుకోవాల్సిన సలహా కాదు.

ప్లాస్టిక్‌లోనే రంగు కలిసి ఉన్న ప్యానెళ్లు వంగి తెల్లబారితే హీట్ గన్ దూరంగా ఆడిస్తూ వేడి చేస్తే ఆ తెలుపు చాలావరకు తగ్గుతుంది. ఒకే చోట ఆపితే ప్యానెల్ వంకర తిరుగుతుంది. ఏబీఎస్ మెత్తబడటానికి 105 డిగ్రీల దాకా చాలు.

## పగులు అతికే దారులు

| పద్ధతి | ఏ ప్లాస్టిక్‌కి | బలం | పని ఎలా ఉంటుంది | ఎక్కడ నప్పుతుంది |
|---|---|---|---|---|
| అసిటోన్‌లో కరిగించిన ఏబీఎస్ పేస్టు | ఏబీఎస్ మాత్రమే | బాగుంటుంది | తేలిక, కానీ ఆరడం ఆలస్యం | సన్న పగుళ్లు, చిన్న ముక్క పోయిన చోట్లు |
| వెల్డింగ్ (సోల్డరింగ్ ఐరన్, స్టీలు మెష్, ప్లాస్టిక్ రాడ్) | ఏబీఎస్, పీపీ (రాడ్ అదే రకానిది) | చాలా బాగుంటుంది | చేయి తిరగాలి | బోల్టు చెవులు, పొడవాటి పగుళ్లు |
| హాట్ స్టేప్లర్ (వేడి తీగల్ని ప్లాస్టిక్‌లోకి దింపేది) | ఏబీఎస్, పీపీ | బాగుంటుంది | తేలిక, త్వరగా అవుతుంది | పొడవాటి పగులు, పీపీ భాగాలు |
| ఎపాక్సీ, గ్లాస్ క్లాత్ | ఏబీఎస్, ఫైబర్‌గ్లాస్ | పట్టు బాగుంటే బలమే | తేలిక, జిగట పని | వెనక చోటున్న వెడల్పు భాగాలు |
| సూపర్ గ్లూ, వంటసోడా | ఏబీఎస్ | గట్టిదే, కానీ పెళుసు | నిమిషాల పని | ముక్కల్ని తాత్కాలికంగా నిలబెట్టడానికి |

ఏ పద్ధతైనా మొదటి రెండు పనులు మారవు. పగులు ఆగిపోయిన కొన దగ్గర 2 లేదా 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి. లేకపోతే అతికిన తర్వాత కూడా ఆ కొన నుంచి పగులు ముందుకు పాకుతుంది. రెండోది, వెనకవైపు పగులు పొడవునా వి ఆకారంలో గాడి తీయాలి, మందంలో మూడింట రెండు వంతుల లోతు. గాడి లేకుండా పైన ఏం పూసినా అది పైపై పూతే.

ఏబీఎస్ పేస్టు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మొదటిసారి చేసేవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే. పగిలిన ప్యానెల్ నుంచి రాలిన ముక్కలు, లేదా దాని లోపలి కనిపించని అంచు నుంచి చెక్కిన చిన్న పెచ్చులు ఒక గాజు సీసాలో వేసి, మునిగేంత అసిటోన్ పోసి మూత బిగించి ఒక రాత్రి ఉంచండి. తెల్లారేసరికి చిక్కటి తేనెలా తయారవుతుంది. ముక్కలు చాలకపోతే లెగో ఇటుకలు పనికొస్తాయి. అవి 1963 నుంచీ ఏబీఎస్‌వే, కాకపోతే గాజులా పారదర్శకంగా ఉండేవి వద్దు.

ముందు ఉత్త అసిటోన్‌ని సన్న బ్రష్‌తో గాడిలో ఒకసారి రాయాలి. అంచులు మెత్తబడి మెరుస్తాయి. అప్పుడు పేస్టు పెడితే అది పైన అంటుకోవడం కాదు, రెండు ప్లాస్టిక్‌లూ ఒకటే అవుతాయి. పలచటి పొరలుగా వేయాలి. ఒకేసారి నింపేస్తే పైన తోలు కట్టి లోపల అసిటోన్ ఇరుక్కుంటుంది, తర్వాత బుడగలుగా బయటపడుతుంది, అదీ రంగు వేసిన తర్వాత. ఆరేకొద్దీ పేస్టు కుంగుతుంది కాబట్టి గాడి పైకి కాస్త ఉబ్బుగా నింపాలి. పేపర్ పట్టడానికి ముందు కనీసం 24 గంటలు, పొర మందంగా ఉంటే ఇంకో రోజు ఆగండి. ఇక్కడ తొందరపడేవాళ్లకి ఈ పద్ధతి పనికిరాదు.

వెల్డింగ్ బలంలో అన్నిటికంటే ముందుంటుంది. వెనకవైపు గాడి మీద సన్న స్టీలు మెష్ ముక్క పెట్టి, సోల్డరింగ్ ఐరన్ కొనతో నెమ్మదిగా నొక్కుతూ ప్లాస్టిక్‌లోకి దింపాలి. వెండి రంగు తీగలు మెల్లగా మునిగి, పైకి ప్లాస్టిక్ ఉబికి వాటిని కప్పేస్తుంటే వేడి సరిగ్గా ఉన్నట్టు. పొగ లేస్తూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరుగుతుంటే వేడి ఎక్కువైంది, మాడిన ప్లాస్టిక్‌కి పట్టుండదు. మెష్ మునిగాక దాని మీద అదే రకం ప్లాస్టిక్ రాడ్ కరిగించి నింపాలి. ముందువైపు నుంచి పని చేసేటప్పుడు మాత్రం మరీ లోతుగా పోకండి, వెనకవైపు దింపిన మెష్ తగులుతుంది.

కేబుల్ టైలు కరిగించి రాడ్‌గా వాడమని చాలామంది చెప్తుంటారు. కేబుల్ టై నైలాన్. అది ఏబీఎస్‌తో కలవదు, పీపీతోనూ కలవదు. చల్లారిన తర్వాత చూడ్డానికి బాగానే ఉంటుంది, ఒంచితే పెచ్చులా లేస్తుంది.

కరుగుతున్న ఏబీఎస్ నుంచి వచ్చే పొగలో స్టైరీన్ ఉంటుంది. కిటికీలు తెరిచిన గదిలో కూడా కాదు, ఆరుబయటే చేయండి.

ఎపాక్సీ విషయానికొస్తే, ఫైబర్‌గ్లాస్ ప్యానెల్‌కి గ్లాస్ క్లాత్, రెజిన్ తప్ప వేరే దారి లేదు. ఏబీఎస్ మీద వాడాలంటే 80 నంబరు పేపర్‌తో బాగా గరుకు చేసి, తుడిచి, ఆపైన పెట్టాలి. నున్నటి ప్లాస్టిక్ మీద ఎపాక్సీ పొర మొత్తం ఒక రేకులా ఊడి వచ్చేస్తుంది. పాలిస్టర్ రెజిన్ కంటే ఎపాక్సీ రెజినే ఏబీఎస్‌కి మంచిది, పాలిస్టర్ రెజిన్‌లోని స్టైరీన్ ఏబీఎస్‌ని మెత్తబరుస్తుంది. ఫైబర్‌గ్లాస్‌ని పేపర్‌తో రుద్దేటప్పుడు మాస్కు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా ఉండాలి. ఆ దుమ్ము చర్మంలో గుచ్చుకుంటే ఒక పూటంతా దురదే.

హాట్ స్టేప్లర్ పీపీ భాగాలకి బాగా పనికొస్తుంది, ఎందుకంటే అది జిగురు మీద కాకుండా తీగ పట్టు మీద ఆధారపడుతుంది. స్టేపుల్ తోకలు కత్తిరించాక అంచుల్ని అరగదీయడం మర్చిపోకండి, వైర్లు వాటికి రాసుకుంటాయి. సూపర్ గ్లూ మీద వంటసోడా చల్లితే క్షణాల్లో రాయిలా గట్టిపడుతుంది. ముక్కల్ని సరైన చోట నిలబెట్టి వెనక అసలు అతుకు వేయడానికి అది మంచి సాయం. అదే అసలు అతుకు అనుకుంటే వైబ్రేషన్‌కి చిట్లిపోతుంది.

### పుట్టీ సంగతి

ఇనుప రేకులకి వాడే మామూలు బాడీ పుట్టీ ప్లాస్టిక్ మీద గట్టిగా ఆరి, ప్యానెల్ వంగినప్పుడల్లా అంచుల్లో పగులు చూపిస్తుంది. ప్లాస్టిక్ కోసమని చెప్పి అమ్మే, కాస్త వంగే పుట్టీనే తీసుకోండి. దాన్ని 180 లేదా 240 నంబరు పేపర్‌తో చదును చేసి, 400తో గీతలు తీసి, అప్పుడు ప్రైమర్. ప్రైమర్ ఆరాక వేలి కొసలతో కళ్లు మూసుకుని తడమండి. కంటికి కనిపించని ఎత్తుపల్లం వేలికి దొరుకుతుంది. అది రంగు పడ్డాక అందరి కంటికీ కనిపిస్తుంది.

## రంగు వేసే దారులు

| దారి | మెరుపు, నునుపు | పెట్రోలు పడితే | ఖర్చు | ముప్పు |
|---|---|---|---|---|
| టచప్ పెన్ను | దగ్గర నుంచి మచ్చ తెలుస్తుంది | క్లియర్ లేకుంటే కష్టం | చాలా తక్కువ | దాదాపు లేదు |
| 1కే (1K, గాలికి ఆరే) స్ప్రే డబ్బా | జాగ్రత్తగా వేస్తే బాగానే ఉంటుంది | మెత్తబడుతుంది | తక్కువ | ఆవిర్లు, మంట |
| 2కే (2K, హార్డెనర్ కలిసే) స్ప్రే డబ్బా | చాలా బాగుంటుంది | తట్టుకుంటుంది | మధ్యస్థం | ఊపిరితిత్తులకి తీవ్రం |
| కంప్రెసర్, గన్ | చేతిని బట్టి | 2కే అయితే తట్టుకుంటుంది | సామాను లేకుంటే ఎక్కువ | 2కే అయితే తీవ్రం |
| వినైల్ ర్యాప్ | రంగు కాదు, తొడుగు | తుడిచేస్తే సరి | మధ్యస్థం | లేదు |
| పెయింటర్ | మంచి చేతికి తిరుగుండదు | తట్టుకుంటుంది | ఎక్కువ | మీకు లేదు |

టచప్ పెన్ను, బ్రష్ చిన్న రాయి దెబ్బలకి తప్ప దేనికీ కాదు. అరచేయంత గీకుడు మీద బ్రష్ ఆడిస్తే దూరం నుంచి కూడా తెలిసిపోతుంది.

అసలు తర్జనభర్జన 1కే, 2కే మధ్య. 1కే అంటే గాలికి ఆరేది, కలపాల్సిందేమీ లేదు. మిగిలిన డబ్బా ఏడాది తర్వాత కూడా పనికొస్తుంది. కానీ ఆ క్లియర్ మీద పెట్రోలు పడితే మెత్తబడుతుంది, గుడ్డ అంటుకుంటుంది. ట్యాంకుని ఆనుకుని ఉండే ప్యానెల్‌కి ఇది పెద్ద లోపం. దిగువ ప్యానెళ్లకి, టెయిల్ భాగానికి పర్వాలేదు. 2కేలో గట్టిదనమిచ్చే హార్డెనర్ కలుస్తుంది. డబ్బా అడుగున మీట నొక్కి కలిపిన తర్వాత ఒకటి రెండు రోజుల్లో వాడేయాలి, తర్వాత డబ్బాలోనే బిగుసుకుపోతుంది. ఆరితే పెట్రోలుని తట్టుకునే, పాలిష్ పట్టే గట్టి పొర వస్తుంది.

మరి అందరూ 2కేనే వాడొచ్చు కదా? ఆ హార్డెనర్లలో ఐసోసైనేట్లు ఉంటాయి. అవి ఊపిరితో లోపలికి పోతే ఆస్తమా తెప్పిస్తాయి, ఒకసారి ఒంటికి పడకుండా పోయాక చాలా కొద్ది మోతాదుకే మళ్లీ తిరగబెడుతుంది. దుమ్ము ఆపే గుడ్డ మాస్కు, కాగితం మాస్కు వీటి ముందు ఉత్తవే. ఆర్గానిక్ వేపర్ క్యాట్రిడ్జ్ ఉన్న మాస్కు, గ్లోవ్స్, కళ్లకి అద్దాలు, నిండా బట్టలు, పూర్తిగా ఆరుబయలు ఉండాలి. చుట్టూ జనం లేకుండానూ ఉండాలి, పక్కింటివాళ్లు మాస్కు పెట్టుకుని కూర్చోరు కదా. బాల్కనీలోనో, మూసిన గ్యారేజీలోనో 2కే కొట్టాలనుకునేవాళ్లకి నా సమాధానం ఒక్కటే: వద్దు, 1కే వేయండి లేదా పెయింటర్‌కి ఇవ్వండి.

స్ప్రే డబ్బాతో మంచి పని రావాలంటే చేయి కంటే వాతావరణం ముఖ్యం. 20 నుంచి 25 డిగ్రీల మధ్య, తేమ తక్కువగా ఉన్న రోజు చూసుకోండి. ముసురు పట్టిన రోజు కొడితే క్లియర్ పాలలా తెల్లబారుతుంది. డబ్బాని 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, ప్యానెల్ బయట మొదలుపెట్టి బయటే ఆపండి. మొదటి కోటు కింద ప్రైమర్ కనిపిస్తూనే ఉండాలి. ఒకేసారి కప్పేయాలన్న ఆశ పుట్టినప్పుడే రంగు కారుతుంది. కోటుకీ కోటుకీ మధ్య 10 నుంచి 15 నిమిషాలు. రంగుకి ముందు ప్రైమర్‌ని 600 లేదా 800 వాటర్ పేపర్‌తో నునుపు చేయాలి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. అంతకుముందు, అంటే పేపర్ పట్టడానికీ ముందు, గిన్నెలు తోమే సబ్బుతో ప్యానెల్ శుభ్రంగా కడగాలి. పాత పాలిష్‌లోని సిలికాన్ కొంచెం మిగిలినా రంగు చిన్న చిన్న గుంటలుగా విరిగిపోతుంది. పీపీ అయితే ప్రైమర్‌కి ముందు అడ్హీషన్ ప్రమోటర్ (పట్టు ఇచ్చే పూత) తప్పనిసరి, లేకపోతే రంగు మొత్తం పొరలా ఊడి చేతికొస్తుంది.

మెటాలిక్ ఎందుకు కష్టమంటే, ఆ రంగులోని నలకలు ఎలా పడుకున్నాయన్న దాన్ని బట్టి ఛాయ మారుతుంది. తడిగా కొడితే ముదురుగా, పొడిగా కొడితే లేతగా కనిపిస్తుంది. అదే డబ్బా, అదే కోడ్, చేతి వేగం మారితే రంగు మారినట్టే. పెర్ల్‌లో అడుగు రంగు ఒకటి, దాని మీద ముత్యపు కోటు ఒకటి. ఆ కోట్లు ఎన్ని పడ్డాయన్న దాన్ని బట్టి ఛాయ మారుతుంది. పక్క ప్యానెల్‌తో కలవాలంటే మంచి పెయింటర్ నమూనా ముక్కలు కొట్టి చూసుకుని మొదలుపెడతాడు. ఇంట్లో మీరు చేయగలిగింది మొత్తం ప్యానెల్‌ని అంచు నుంచి అంచు దాకా వేయడమే. మధ్యలో మచ్చలా వేస్తే అస్సలు కలవదు. రెండు ప్యానెళ్ల మధ్య సందు ఉన్న చోట చిన్న తేడాని కన్ను క్షమిస్తుంది, ఒకే ప్యానెల్‌లో క్షమించదు.

సాదా రంగుల్లోనూ తేడాలున్నాయి. నలుపు కలపడం తేలిక, కానీ కింద ఉన్న ప్రతి అలనీ, ప్రతి పేపరు గీతనీ చూపిస్తుంది. తెలుపు లోపాల్ని దాస్తుంది, కానీ తెలుపుల్లో ఎన్ని తెలుపులో. మ్యాట్ నలుపు ఎత్తుపల్లాల్ని కప్పేస్తుంది గానీ, మీద వాలిన ఒక్క దోమని కూడా పాలిష్‌తో తీయలేరు.

వినైల్ ర్యాప్ ని చాలామంది రంగుకి బదులుగా చూస్తారు. అది సగం నిజం. రంగు మారుతుంది, కలపాల్సిన పని ఉండదు, నచ్చకపోతే పీకేయొచ్చు. కానీ కింద గీత లోతుగా ఉంటే ర్యాప్ మీద కూడా గీతలా తేలుతుంది, పుట్టీ పని తప్పదు. గుండ్రటి వంపులున్న ప్యానెల్‌కి క్యాస్ట్ ఫిల్మే తీసుకోండి. చవకైన క్యాలెండర్డ్ ఫిల్మ్ వంపుల్లో సాగదీసిన చోట కొన్నాళ్లకి వెనక్కి ముడుచుకుని అంచులు లేస్తుంది. పాత రంగు పెచ్చులూడుతుంటే ర్యాప్ పీకేటప్పుడు ఆ రంగు కూడా దాంతోనే వచ్చేస్తుంది.

## ఎవరికి ఏది

రోజూ ఆఫీసుకి బండి మీద పోయేవాళ్లు, అందంకంటే పగులు పెరగకుండా ఉంటే చాలనుకునేవాళ్లు: వెనకవైపు మెష్ వెల్డింగ్ లేదా ఏబీఎస్ పేస్టు, ముందువైపు కేవలం చదును చేసి టచప్. వెల్డింగ్ అయితే ఒక సెలవు రోజులో అతుకు అయిపోతుంది, పేస్టు అయితే ఆరేదాకా ఆగాలి. ఎలాగూ మళ్లీ ఎక్కడో గీసుకుపోయే బండికి అద్దంలాంటి నునుపు దేనికి?

బండిని అమ్మబోయేవాళ్లు: పై గీతలకి పాలిష్ మాత్రం చేయించి, పగులు ఉంటే ఉందని చెప్పి అమ్మండి. ఇంట్లో వేసిన రంగు కలవకపోతే కొనేవాడికి లోపల ఇంకేదో దాచారన్న అనుమానం వస్తుంది, ధర మామూలు పగులుకి తగ్గే దానికంటే ఎక్కువ తగ్గుతుంది.

చేత్తో పని చేయడం ఇష్టమైనవాళ్లు, సాదా రంగు బండి: మొత్తం మీరే. 1కే రంగు, ట్యాంకు దగ్గరి ప్యానెల్ అయితే ఆరుబయట, సరైన మాస్కుతో 2కే క్లియర్. రెండు వారాల పాటు బండికి ప్యానెల్ లేకుండా తిరగడానికి సిద్ధపడండి. ముందు పాత ప్లాస్టిక్ ముక్క మీద కొట్టి చూసుకుంటే డబ్బా నుంచి రంగు ఎలా వస్తుందో చేతికి తెలుస్తుంది.

మెటాలిక్, పెర్ల్ బండి, ఎండలో పక్కపక్కన ప్యానెళ్లు ఒకేలా కనిపించాలనుకునేవాళ్లు: అతుకు మీది, రంగు పెయింటర్‌ది. ఇచ్చే ముందు ఏ ప్రైమర్ వాడారో, ఏ పుట్టీ వాడారో చెప్పండి. కొందరు పెయింటర్లు వేరేవాళ్ల ప్రైమర్ మీద తమ రంగు వేయడానికి ఒప్పుకోరు, అలాంటప్పుడు పుట్టీ దశలోనే ఆపేయాలి. అందుకే పని మొదలుపెట్టకముందే ఒకసారి వెళ్లి అడగడం మంచిది. స్టిక్కర్లు ఊడదీయాల్సి వస్తే వాటి కొత్త సెట్ దొరుకుతుందో లేదో కూడా ముందే చూసుకోండి.

పాత బండి, ప్యానెళ్లు దొరకడం మానేసిన మోడల్: ఎంత ముక్కలైనా పారేయకండి. వెల్డింగ్ మీద సమయం పెట్టడం ఇక్కడ నిజంగా గిట్టుబాటు.

## అసలు బాగుచేయకూడనివి

హెడ్‌లైటు, అద్దాలు, విండ్‌షీల్డ్ మోసే చెవులు రెండు మూడు ఒకేసారి విరిగితే ప్యానెల్ మార్చేయండి. ఆ ప్యానెల్ నడుస్తుండగా ఊడి ముందు చక్రం మీద పడితే జరిగేది రంగు సమస్య కాదు. సైలెన్సర్ వేడికి కరిగి వంకరపోయిన ప్యానెల్ కూడా అంతే, ఆ ఆకారం మళ్లీ రాదు.

మార్చేటప్పుడు ఒరిజినల్ ప్యానెల్, కంపెనీది కాని కొత్త ప్యానెల్, వాడిన ప్యానెల్ అని మూడున్నాయి. ఒరిజినల్ రంధ్రాలు మిల్లీమీటరు తేడా లేకుండా కూర్చుంటాయి, ధర గట్టిగానే ఉంటుంది. కంపెనీది కానివి చవక, కానీ రంధ్రాలు కాస్త అటూఇటూ ఉండి, లాగి బిగించాల్సి వస్తే మళ్లీ పగుళ్ల కథ మొదటికి. వాడిన ఒరిజినల్ ప్యానెల్ గీతలతో దొరికినా, చెవులన్నీ బాగుంటే నేను దాన్నే కొంటాను. గీతని పేపరు తీసేస్తుంది, విరిగిన చెవిని కట్టడం అంతకంటే పెద్ద పని.

## తిరిగి బిగించేటప్పుడు

పాడైన గ్రోమెట్లు, కాలర్లు కొత్తవి వేయండి. బోల్టులన్నీ ముందు చేత్తో రెండు మూడు చుట్లు మాత్రమే తిప్పి, ప్యానెల్ సర్దుకున్నాక ఒక్కొక్కటి బిగించండి. కాలర్ ఆనగానే ఆపేయాలి, ఫెయిరింగ్ బోల్టుకి బలం చూపించాల్సిన పని లేదు. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత సరిగ్గా ఉందో లేదో చూడండి. డాట్ 3, డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ ఒక్క చుక్క పడినా కొత్త రంగు ఉబ్బి లేచిపోతుంది, పడితే వెంటనే నీళ్లు పోయాలి. నెల రోజుల పాటు వ్యాక్స్ వద్దు, ప్రెషర్ వాటర్ కూడా వద్దు, బకెట్ నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు.